విందుకి రమ్మంటున్నాడు, వెళ్లాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న తెలుగువాళ్లు మమ్మల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. కొన్ని ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగినవి, కొన్ని ఆసుపత్రి వరండాలో, కొన్ని రాత్రిపూట ఫోన్లో గొంతు తగ్గించి. నేను పాస్టరుని కాను. ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్దగా ఉన్నవాణ్ణి. చదివి మీకు వద్దనిపిస్తే వద్దనుకోండి. మన మధ్య పలకరింపులు ఎప్పటిలాగే ఉంటాయి.

దేవుడు పిలుస్తున్నాడంటారు. ఎక్కడికి పిలుస్తున్నాడు?

భోజనానికి. యేసు చెప్పిన ఉపమానం లూకా 14వ అధ్యాయంలో ఉంది. ఒకాయన పెద్ద విందు చేసి చాలామందిని పిలిచాడు. విందు వేళకి దాసుణ్ణి పంపి "ఇప్పుడు సిద్ధమైయున్నది, రండి" అని మళ్లీ కబురు చేశాడు. రెండుసార్లు ఎందుకు పిలిచాడన్న సందేహం మన ఊళ్లవాళ్లకి రాదు. పెళ్లికి ముందు ఇంటికొచ్చి బొట్టుపెట్టి చెబుతారు, వడ్డన వేళకి మళ్లీ ఒక కుర్రాణ్ణి పరిగెత్తిస్తారు, "ఆకులు వేసేశారు, రమ్మంటున్నారు" అని. మొదటి పిలుపు ప్రవక్తల నోట వచ్చింది. రెండో పిలుపుతో వచ్చినవాడు యేసు.

వడ్డించింది ఏమిటంటే పాపక్షమాపణ, దేవుని ఇంట్లో కొడుకుగా కూతురుగా చోటు, చావుతో తెగిపోని జీవితం. క్రీస్తు సిలువ మీద చనిపోయి తిరిగి లేచాడు కాబట్టి ఇవన్నీ సిద్ధంగా ఉన్నాయని మేం నమ్ముతాం. మనం వండిపెట్టాల్సింది లేదు. చదివింపులూ లేవు.

ఆ పిలుపు నాకే వచ్చిందని ఎలా తెలుస్తుంది? కల్లో కనిపిస్తాడా?

కొందరికి కలలు వస్తాయి, కాదనను. మీరు మాత్రం కల కోసం కూర్చోకండి. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అన్నాడు (మత్తయి 11:28). సమస్త జనుల్లో మీరూ ఉన్నారు.

నేనేటి పాపం చేశానండీ? ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఎవరి సొమ్మూ తినలేదు.

మీరన్నది నిజమే అయ్యుండొచ్చు. లూకా 15లో తప్పిపోయిన కొడుకు కథ అందరికీ తెలుసు, పెద్దకొడుకు మాత్రం ఎవరికీ గుర్తుండడు. అతను ఏళ్ల తరబడి తండ్రి మాట జవదాటలేదు, పొలంలో కష్టపడ్డాడు. చివరికి ఇంట్లో విందు జరుగుతుంటే కోపంతో లోపలికి రానన్నాడు. తమ్ముడికి ఎదురు పరిగెత్తిన తండ్రే ఇతని కోసమూ గుమ్మం దాటి బయటికొచ్చి బతిమాలాడు. మంచివాళ్లకి వచ్చే ఇబ్బంది ఇదే. పిలుపు తమకి కాదు, చెడిపోయినవాళ్లకి అనుకుంటారు. అతను లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పకుండానే కథ ఆపేశాడు.

నాకు తాగుడు ఉంది. ముందు మానేసి, మనిషినయ్యాక వస్తాను.

జక్కయ్య సుంకరులకు, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లకు పెద్ద. ఊరంతా అతన్ని పాపి అనేది. యేసు అతనెక్కిన చెట్టు కిందికొచ్చి "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాక, ఇంట్లోకి అడుగుపెట్టాక, అప్పుడు అతను సగం ఆస్తి బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానని లేచి చెప్పాడు. ముందు సహవాసం, ఆ తర్వాత మార్పు. మీరు దాన్ని తిరగేస్తే ఎప్పటికీ రాలేరు.

ఒక మాట. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ప్రార్థన చేయించుకోండి, డాక్టరుకీ చూపించుకోండి.

సరే, ఒప్పుకోవడమంటే సరిగ్గా ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్నకి తొందరపడి జవాబు చెప్పేవాళ్లని చూస్తే నాకు భయం. కూటాల్లో మైకులో "చెయ్యెత్తండి" అంటారు, పక్కవాడు ఎత్తాడని మనమూ ఎత్తుతాం, పాస్టరుగారి వెనక నాలుగు మాటలు అంటాం. ఆ చెయ్యి ఎత్తడంలో తప్పేం లేదు, కానీ అదే రక్షణ అనుకుని ఇంటికెళ్లి పడుకుంటే ఏమీ మారదు.

అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీ చెరసాల నాయకుడు అర్ధరాత్రి భూకంపం తర్వాత వణుకుతూ వచ్చి రక్షణ పొందడానికి ఏం చెయ్యాలని అడిగాడు. ప్రభువైన యేసునందు విశ్వాసముంచమని పౌలు, సీల చెప్పారు. అక్కడితో ఊరుకోలేదు, అతనికీ ఇంటివాళ్లకీ వాక్యం విడమరిచి చెప్పారు. ఆ రాత్రే అతను వాళ్ల దెబ్బలు కడిగాడు, ఇంటివాళ్లతో సహా బాప్తిస్మం పొందాడు, వాళ్లని ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. వినడం, నమ్మడం, చేతల్లో చూపించడం అన్నీ అందులో ఉన్నాయి. సాయంత్రం దాకా ఖైదీల కాళ్లకి బొండ వేసిన చేతులు అవి.

మీ మటుకు మీరు చెయ్యాల్సింది: నా దారి తప్పు అని దేవుని ముందు ఒప్పుకోవడం, యేసు నా కోసం చనిపోయి లేచాడని నమ్మి ఆయన మీద ఆనుకోవడం, ఆయన్ని ప్రభువు అని నోటితో ఒప్పుకోవడం (రోమా 10:9). ప్రార్థన రాకపోతే దేవాలయంలో సుంకరి చేసిన ప్రార్థన చాలు: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." గ్రాంథికం అక్కర్లేదు. మీరు మీ అమ్మతో ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలోనే అడగండి. సవర అయినా ఒడియా అయినా సరే.

ఆ విందు కథలో రాలేనన్నవాళ్లకి పనులున్నాయి కదా. అంత కోపమెందుకు?

మంచి ప్రశ్న. ఒకడు పొలం కొన్నాను, వెళ్లి చూడాలన్నాడు. ఇంకొకడు అయిదు జతల ఎడ్లు కొన్నాను, పరీక్షించాలన్నాడు. మూడోవాడు పెళ్లి చేసుకున్నాను, రాలేనన్నాడు. ఈ మూడింటిలో ఒక్కటీ పాపం కాదు.

కానీ ఆలోచించండి. గుణుపురంలో వంశధార పక్కన ఎకరం కొనేవాడు పట్టా చూస్తాడు, గట్టు చూస్తాడు, నీళ్లు ఏ వైపు నుంచి వస్తాయో చూస్తాడు, పక్క రైతుని వాకబు చేస్తాడు. అప్పుడు అడ్వాన్సు ఇస్తాడు. కొనేశాక, అదీ భోజనాల వేళకి, పొలం చూడ్డానికి వెళ్లేవాడు ఎవడు? కాడి కట్టి నడిపించి చూడకుండా ఎడ్లు కొనేవాడు సంతలో కనబడతాడా? అవి కారణాలు కావు, మర్యాదగా తప్పించుకోవడం. "నీ విందు నాకు అంత ముఖ్యం కాదు" అని మొహం మీద చెప్పలేక అన్న మాటలు. గృహస్థుడికి కోపం అందుకు వచ్చింది.

మనం చెప్పేవీ అలాంటివే. పిల్ల పెళ్లయ్యాక. సూరత్ నుంచి తిరిగొచ్చాక. ఉద్యోగం పర్మినెంటయ్యాక. ఇవి చెప్పినవాళ్లు చెడ్డవాళ్లు కారు, నాకు బాగా దగ్గరివాళ్లు కూడా ఉన్నారు. పిల్ల పెళ్లయ్యాక మనవడి బారసాల వస్తుంది, అంతే.

ఒడిశాలో మతం మారడం నేరమా?

మీ ఇష్టంతో మీరు నమ్ముకోవడం నేరం కాదు. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. 1967లో వచ్చిన ఒడిశా మతస్వేచ్ఛ చట్టం బలవంతంగా, ప్రలోభపెట్టి, లేదా మోసంతో ఒకరి మతం మార్చడాన్ని నేరమంటుంది. శిక్ష ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా. మార్చబడినవారు మైనరో, స్త్రీయో, ఎస్సీ ఎస్టీలో అయితే రెండేళ్లు, 10,000. హైకోర్టు 1972లో ఈ చట్టం చెల్లదంది. సుప్రీంకోర్టు 1977లో చెల్లుతుందంది. 1989 నియమాల ప్రకారం మారేవాళ్లు ఫస్టు క్లాసు మేజిస్ట్రేటు ముందు తమ ఇష్టపూర్వకంగానే అని ప్రకటన ఇవ్వాలి, ఆ క్రతువు చేసే పాస్టరు 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకి నోటీసు ఇవ్వాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి బాప్తిస్మానికి ముందు స్థానిక వకీలుని ఒకసారి కలవండి.

ఈ చట్టాన్ని వాడుతున్న తీరు మీద నాకు అభ్యంతరాలున్నాయి. కానీ బలవంతం, ప్రలోభం, మోసం కూడదన్న మాట మీద ఏ సంఘానికీ అభ్యంతరం ఉండకూడదు. వద్దనే వీలు లేకపోతే అది పిలుపే కాదు, సమను. "మహేంద్రతనయ దాటి పాతపట్నంలో గుట్టుగా కానిచ్చేద్దాం" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వద్దు. దాచి చెయ్యాల్సిన పని కాదిది.

మరి మీ బైబిల్లోనే "లోపలికి వచ్చుటకు బలవంతము చేయుము" అని ఉంది కదా?

ఉంది. లూకా 14:23. దీన్ని అడిగినందుకు ఎవరి మీదా విసుక్కోకూడదు, ఎందుకంటే ఆ మాటని చరిత్రలో చెడుగా వాడారు. అయిదో శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలో అగస్టీను అంతటి పండితుడు డోనటిస్టులనే వేరుపడిన క్రైస్తవ వర్గం మీద ప్రభుత్వ బలం వాడడాన్ని సమర్థిస్తూ ఈ వాక్యాన్నే చూపించాడు. ఆ దారి తర్వాత చాలా దూరం వెళ్లింది. అది తప్పు.

కథలో ఆ మాట ఎవరి గురించి అన్నాడో చూడండి. రహదారుల మీద, కంచెల పక్కన ఉన్న పరాయివాళ్ల గురించి. వాళ్లకి ఆ పెద్దింటి గడప తొక్కే అలవాటు లేదు. "మమ్మల్నా? వేళాకోళమా?" అంటారు. ఒక్కసారి చెబితే నమ్మరు, చెయ్యి పట్టుకుని గట్టిగా చెప్పాలి. పంపించింది కూడా ఒక్క దాసుణ్ణి, కర్రలు పట్టిన గుంపుని కాదు. ముందు రానన్న ముగ్గురినీ ఎవరూ ఈడ్చుకు రాలేదు, గమనించారా? ధనవంతుడైన యువకుడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంటే యేసు వెంటపడలేదు. చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోయిన రోజున పన్నెండుమందినీ మీరూ వెళ్లిపోతారా అని అడిగాడు.

కుల ధ్రువపత్రం పోతుందా?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకి మాత్రమే. క్రైస్తవులైతే ఆ హోదా ఉండదు. ఎస్టీ హోదాకి మతంతో ముడి పెట్టలేదు, అందుకే సవర, కోంధు క్రైస్తవులు ఎస్టీలుగానే ఉన్నారు. ఈ విషయం ముందే తెలుసుకుని రండి. బురుజు కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసే అన్నాడు. దీన్ని దాచిపెట్టి బాప్తిస్మం ఇచ్చే పాస్టరు మీకు మేలు చెయ్యడం లేదు.

మా ఆయన ఒప్పుకోరు. అత్తగారైతే ఇంట్లోంచి పొమ్మంటారు.

తొందరపడి ఇల్లు వదలకండి, ఇంట్లో పటాలు తీసెయ్యకండి. అవి మీ ఒక్కరివి కావు. నమ్మని భర్త కాపురం చెయ్యడానికి ఇష్టపడితే భార్య అతన్ని విడిచిపెట్టకూడదని 1 కొరింథీ 7లో పౌలు రాశాడు.

మా దగ్గరికి వచ్చే ఒకావిడ శనివారం రాత్రే చింతపండు నానబెట్టి, కూరలు తరిగి, గిన్నెల మీద పళ్లేలు బోర్లించి ఉంచుతుంది. ఆదివారం భర్త అన్నానికి కూర్చునేసరికి ఇంట్లో ఉండాలి కదా. ఆఖరి పాటకి ముందే లేచి వెళ్లిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు. ఒక వానరోజు ఆయనే స్కూటరు మీద తెచ్చి దింపి, ఎదురుగా టీ కొట్టు చూరు కింద నిలబడ్డాడు. లోపలికి రాలేదు. మేమూ పిలవలేదు. టీ మాత్రం పంపబోతే, కొట్టు ఎదురుగానే ఉన్నాను కదండీ అని నవ్వాడు.

కొట్టడం, గదిలో పెట్టి తాళం వెయ్యడం వేరే సంగతి. ఓర్చుకోవడం భక్తి అని మీకు ఎవరైనా చెబితే వినకండి. 181కి ఫోన్ చెయ్యండి.

ప్రసాదం ఇస్తే ఏం చెయ్యాలి? అమ్మవారి పండక్కి చందా?

విగ్రహాలకి అర్పించిన దాని గురించి 1 కొరింథీ 8, 10 అధ్యాయాల్లో పౌలు వివరంగా రాశాడు. మన సంఘాల్లో దాదాపు అందరూ తీసుకోరు. తీసుకోకపోవడం ఒకటి, రథయాత్ర రోజు పక్కింటి పిన్నిగారు ప్రేమగా తెచ్చిన గిన్నెని తోసెయ్యడం ఒకటి. రెండు చేతులూ జోడించి "మేం తీసుకోం పిన్నీ, ఏమనుకోకు, కూర్చో" అనండి. చందా అడిగితే వీధి దీపాలకి, మంచినీళ్లకి, అన్నదానానికి నేనిస్తాను, పూజకి ఇవ్వను. ఇది నా పద్ధతి, ఇంకొకరు వేరే అంటారు. బొట్టు, మంగళసూత్రం విషయంలో సంఘానికొక మాట ఉంది. వాటిని గుమ్మం దగ్గరే తేల్చెయ్యాలనుకునే పెద్దలతో నాకు పడదు.

పేరు మార్చుకోవాలా?

అక్కర్లేదు. పురుషోత్తమ చౌదరిగారు 1803లో ఈ పర్లాకిమిడి పక్కన మదనాపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందారు. ఆ తర్వాతా పురుషోత్తముడే. ఆయన రాసిన కీర్తనలు ఇవాళ్టికీ తెలుగు క్రైస్తవులందరూ పాడుకుంటారు. ఇది తెల్లవాళ్ల మతం, మనకెందుకు అనేవాళ్లకి నేను ముందు ఆయన గురించే చెబుతాను. మిషనరీల పాత్ర కాదనను. జర్మనీ నుంచి బ్రెక్లుం మిషనువాళ్లు 1882లో వచ్చారు, కోరాపుట్, జయపురం వైపు లూథరన్ సంఘాలు వాళ్లు నాటినవే. ఇటు పర్లాకిమిడి, సెరంగో వైపు కెనడా బాప్టిస్టులు. కానీ ఈ గడ్డ మీద పుట్టినవాడు, శాస్త్రాలు చదివినవాడు, తనంతట తాను కూర్చుని ఆలోచించి ఒప్పుకున్న సంగతి వేరు.

నమ్ముకుంటే జబ్బు తగ్గుతుందా?

దేవుడు స్వస్థపరుస్తాడు, నమ్ముతాను. తగ్గుతుందని హామీ ఇచ్చే మనిషిని మాత్రం నమ్మను. జబ్బు తగ్గడం కోసమే వచ్చినవాళ్లని కూడా యేసు తిప్పి పంపలేదు, కాబట్టి రండి. మందులు ఆపకండి. మన కొండ ప్రాంతాల్లో మలేరియా ఉంది, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉంది. నూనె రాసి ప్రార్థన చేస్తే చాలు, మాత్రలు పారెయ్యమన్న వాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి. బిస్సంకటక్‌లో క్రైస్తవ ఆసుపత్రి 1954 నుంచి నడుస్తోంది. అక్కడ ప్రార్థనా చేస్తారు, రక్తపరీక్షా చేస్తారు.

డబ్బులిస్తారట? డబ్బులివ్వాలట?

రెండూ లేవు. ఇస్తామన్నవాడి దగ్గరికి వెళ్లకండి, అడిగినవాడికి ఇవ్వకండి. రూకలు లేనివాళ్లే రండి అని యెషయా 55లో ఉంది. కానుక సంచి వస్తుంది. అది విశ్వాసుల కోసం, మీరు పక్కవారికి అందించెయ్యొచ్చు.

నమ్ముకున్నాక మళ్లీ పడిపోతే?

పేతురు మూడుసార్లు యేసు ఎవరో ఎరగనన్నాడు. యేసు తిరిగి లేచాక ఒక తెల్లవారుజామున ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, "రండి భోజనము చేయుడి" అని పిలిచింది అలాంటివాణ్ణే (యోహాను 21). "నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను" అన్నదీ ఆయనే.

ఇవేవీ వినకుండానే పోయిన మా తాతలు, అమ్మమ్మలు?

వాళ్ల తీర్పు మన చేతిలో లేదు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చెయ్యడా అని అబ్రాహాము అడిగాడు. నేనూ అక్కడే ఆగుతాను. వాళ్లు నరకంలో ఉన్నారని ప్రకటించే బోధకుడికి ఆ అధికారం ఎవరిచ్చారో అడగండి.

భయంగా ఉంది. 2008లో కంధమాల్‌లో ఏం జరిగిందో చూశాం.

పక్క జిల్లా. క్రైస్తవుల ఇళ్లు, చర్చిలు తగలబడి అడవుల్లోకి పరిగెత్తినవాళ్లు మన మధ్యనే ఉన్నారు, కాబట్టి భయపడొద్దని తేలిగ్గా చెప్పలేను. నీకొదేము అనే యూదుల అధికారి యేసు దగ్గరికి రాత్రిపూట వచ్చాడు. పగలెందుకు రాలేదని యేసు అడగలేదు, ఆ రాత్రే కూర్చుని మాట్లాడాడు. అరిమతయియ యోసేపు యూదులకి భయపడి రహస్యంగా శిష్యుడిగా ఉన్నాడని యోహాను రాశాడు. ఇద్దరూ సిలువ నాటికి బయటపడ్డారు. యోసేపు యేసు శరీరాన్ని అడిగి తీసుకున్నాడు, ఇద్దరూ కలిసి సమాధి చేశారు. మీ సమయం మీరు తీసుకోండి. మీరు ఒప్పుకోకుండా మీ పేరు, ఫోటో మేం ఎక్కడా పెట్టం, వాట్సాప్‌లో అసలే పెట్టం.

బాప్తిస్మం ఎప్పుడు? ముంచాలా, చల్లాలా?

బాప్టిస్టులు నమ్మినవాళ్లకి ముంచి ఇస్తారు. లూథరన్లు, మోహన, సురడా వైపు కాథలిక్కులు పసిపిల్లలకీ ఇస్తారు, తలమీద నీళ్లు పోస్తారు. మాది ముంచే సంఘం. కొన్ని నెలలు సువార్తల్లో ఒకటి మొత్తం చదివించి, మీ ప్రశ్నలు మీరు అడిగాక, కాగితాలు పూర్తయ్యాక ఇస్తాం. తొందరేం లేదు.

మొదటిసారి వస్తే ఏం తేవాలి? ఎక్కడ కూర్చోవాలి?

ఏమీ తేవద్దు. బైబిలు అక్కడే ఉంటుంది, తెలుగుదీ ఒడియాదీ. ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద, మగవాళ్లు ఒక పక్క. మోకాళ్ల నొప్పులుంటే వెనక కుర్చీలున్నాయి. పాటలు తెలుగు, వాక్యం తెలుగు. కొండమీంచి వచ్చినవాళ్లుంటే ఒకరు ఒడియాలో, సవరలో పక్కన కూర్చుని చెబుతారు. కొత్తవాళ్లని లేపి నిలబెట్టి పరిచయం చెయ్యం. బల్ల వడ్డించే ఆదివారం రొట్టె, ద్రాక్షరసం బాప్తిస్మం పొందినవాళ్లకి, మీరు ఊరికే కూర్చోవచ్చు. తర్వాత వెనక వసారాలో అందరికీ అన్నం, పప్పు ఉంటాయి. దానికి మీరూ కూర్చోండి.